ఛాతీ దాటిన సార్కాయిడోసిస్

ఈ రోజు మనం మాట్లాడుకోబోయే జబ్బు పేరు సార్కాయిడోసిస్. మధుమేహంలాగానో రక్తపోటులాగానో ఇంటింటా వినిపించే పేరు కాదు. విన్నవాళ్లు కూడా దీన్ని ఊపిరితిత్తుల జబ్బుగానే విని ఉంటారు. ఆ మాటలో తప్పు లేదు, కానీ అది సగం నిజమే. ఇది కంటికి రావచ్చు, గుండెకు రావచ్చు, మెదడుకు, కాలేయానికి, చర్మానికి రావచ్చు. మగవాళ్లలో వృషణాలకూ రావచ్చు. ఆ చివరి చోటికి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ముప్ఫై ఏళ్లవాడికి స్నానం చేస్తుంటే బీజంలో గట్టి గడ్డ చేతికి తగులుతుంది. నొప్పి ఉండదు. అల్ట్రాసౌండ్‌లో నల్లటి మచ్చ కనిపిస్తుంది. ఛాతీ సీటీ తీస్తే రెండు ఊపిరితిత్తుల మొదళ్ల దగ్గర లింఫ్ గ్రంథులు వాచి ఉంటాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవారికి ముందు తట్టేది ఒకటే: వృషణానికి క్యాన్సర్ వచ్చింది, అది అప్పుడే ఛాతీ దాకా పాకింది. మన దేశంలో అయితే తట్టే రెండో మాట టీబీ. ఈ రెండు అనుమానాలూ న్యాయమైనవే. అయితే అనుమానం వేరు, నిర్ధారణ వేరు. శరీరంలోంచి ఒక చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడకుండా, దానితోపాటు మిగతా శరీరాన్ని కూడా పరీక్షించకుండా, కత్తి పట్టడంగానీ నెలల తరబడి మందులు మింగించడంగానీ తొందరపాటే అవుతుందన్నది నా వాదన. దానికి ఆధారాలేమిటో, అభ్యంతరాలేమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు జబ్బు స్వభావం. మన ఒంట్లోకి ఏదైనా జొరబడి, రక్షణ కణాలు దాన్ని పూర్తిగా చంపలేకపోయినప్పుడు, కనీసం కట్టడి చేద్దామని అవి దాని చుట్టూ చేరి గుంపు కడతాయి. ఆ గుంపునే గ్రాన్యులోమా అంటారు. ముల్లు విరిగి లోపలే ఉండిపోతే చుట్టూ కండ గట్టిపడ్డట్టు అనుకోండి. సార్కాయిడోసిస్‌లో ఆ గట్టిపడిన కండ ఉంటుంది, ముల్లు మాత్రం దొరకదు. నూటయాభై ఏళ్లుగా వెతుకుతున్నారు. 1877లో లండన్‌లో జొనాథన్ హచిన్సన్ అనే వైద్యుడు మొదట చర్మం మీద మచ్చల రూపంలో దీన్ని గమనించాడు. 1899లో నార్వేకు చెందిన సీజర్ బోక్ ఆ మచ్చల్లోని కణాలను పరీక్షించి వర్ణించాడు. 1909లో డెన్మార్క్ కంటి వైద్యుడు హీర్‌ఫోర్ట్, కళ్లు ఎర్రబడి, చెవుల కింద గ్రంథులు వాచి, జ్వరంతో, కొందరిలో మూతి వంకరపోయి వచ్చే రోగుల గురించి రాశాడు. అప్పటికి అవన్నీ వేర్వేరు జబ్బులు. చర్మం డాక్టరు చర్మం చూశాడు, కంటి డాక్టరు కన్ను చూశాడు. ఇవన్నీ ఒకే జబ్బు అని, అది ఒళ్లంతటికీ సంబంధించినదని గట్టిగా చెప్పినవాడు స్వీడన్‌కు చెందిన షావ్‌మన్, మొదటి ప్రపంచయుద్ధం నాటి రోజుల్లో. ఈ చరిత్రలో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. ఈ జబ్బు మొదట దొరికింది ఊపిరితిత్తుల్లో కాదు, చర్మంలో. ఛాతీ ఎక్స్‌రేలు విరివిగా తీయడం మొదలయ్యాకే ఇది ఊపిరితిత్తుల జబ్బుగా పేరుపడింది. ఎక్కడ చూసే సాధనం చేతికొచ్చిందో అక్కడ జబ్బు కనిపించింది. చూడని చోట లేదనుకున్నారు.

అంకెలు కూడా ఈ మాటనే బలపరుస్తాయి. అమెరికాలో పది వైద్యకేంద్రాలు కలిసి, కొత్తగా జబ్బు తేలిన 736 మందిని పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించాయి. వారిలో నూటికి 95 మందికి ఛాతీలో జబ్బు ఉంది. ఈ అంకె పట్టుకునే ఇది ఊపిరితిత్తుల జబ్బు అంటారు. కానీ అదే అధ్యయనంలో నూటికి దాదాపు 16 మందికి చర్మంలో, 12 మందికి కంట్లో, దాదాపు అంతమందికే కాలేయంలో కూడా జబ్బు కనిపించింది. ఛాతీని వదిలేసి బయట మాత్రమే వచ్చినవారు నూటికి ఇద్దరే. అంటే ఛాతీ బయట వచ్చే సార్కాయిడోసిస్ సాధారణంగా ఛాతీ జబ్బుతో కలిసే ఉంటుంది. కాబట్టి ఒకచోట దొరికితే రెండోచోట వెతకడం వైద్యుడి పని. గుండె సంగతి తీసుకోండి. రోగి బతికుండగా గుండెకు జబ్బు సోకిందని తేలేది నూటికి అయిదుగురిలో మాత్రమే. అమెరికాలో సార్కాయిడోసిస్‌తో పోయినవారికి శవపరీక్ష చేస్తే, నూటికి పాతికమంది గుండెల్లో గ్రాన్యులోమాలు కనిపించాయి. జపాన్‌లో అయితే ఇంకా ఎక్కువ. జననాంగాల విషయమూ ఇలాంటిదే. బతికుండగా తేలేది నూటికి ఒకరి కన్నా తక్కువ. శవపరీక్షల్లో నూటికి అయిదుగురి దాకా ఉంటుందని చెబుతారు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే నన్ను కలవరపెడుతుంది. అందులో ఏ బాధా పెట్టకుండా ఉండిపోయిన గ్రాన్యులోమాలూ ఉంటాయి, నిజమే. అయినా గుండెలో ఉండిపోయినదాన్ని ఏమీ కాదులే అని వదిలేయలేం. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో మేటిగా పేరుపొందిన రెగ్గీ వైట్ 2004 డిసెంబరులో నిద్రలోనే కన్నుమూశాడు. వయసు 43. గుండె లయ తప్పడం వల్ల పోయాడని, దానికి మూలం బహుశా గుండెకూ ఊపిరితిత్తులకూ సోకిన సార్కాయిడోసిస్ అని అక్కడి వైద్యపరీక్షకుడు తేల్చాడు. అంత దేహదారుఢ్యం ఉన్న మనిషి.

ఇప్పుడు వృషణాల దగ్గరికి వద్దాం. ఈ మాట రేడియోలో చెప్పడానికి మొహమాటపడేవాళ్లున్నారు, వినడానికీ మొహమాటపడేవాళ్లున్నారు. ఆ మొహమాటమే చాలామందిని ఆలస్యంగా ఆసుపత్రికి తెస్తోంది కనుక సూటిగానే చెబుతాను. జననాంగాల్లో సార్కాయిడోసిస్ ఎక్కువగా వచ్చేది బీజానికి వెనకవైపు అంటిపెట్టుకుని ఉండే ఎపిడిడైమిస్‌కు. వీర్యకణాలు ముదిరేది, దాటిపోయేది ఆ సన్నటి గొట్టంలోనే. ఆ తర్వాత బీజానికి. ఒక వైపు రావచ్చు, రెండు వైపులా రావచ్చు. కొందరికి నొప్పి, వాపు ఉంటాయి, కొందరికి ఏమీ ఉండవు. వచ్చే వయసు ఇరవై నుంచి నలభై మధ్య. చిక్కంతా ఇక్కడే ఉంది. వృషణ క్యాన్సర్ వచ్చే వయసు కూడా అదే. అల్ట్రాసౌండ్‌లో రెండూ నల్లటి మచ్చల్లాగే కనిపిస్తాయి. పెట్ స్కాన్ తీస్తే రెండూ వెలుగుతాయి, ఎందుకంటే ఆ స్కానింగ్ చూపించేది చక్కెరను ఎక్కువగా వాడుకునే కణాలను. క్యాన్సర్ కణాలూ వాడుకుంటాయి, గ్రాన్యులోమా కణాలూ వాడుకుంటాయి. అమెరికా నుంచి వచ్చిన నివేదికల్లో వృషణ సార్కాయిడోసిస్ రోగుల్లో ఎక్కువమంది నల్లజాతి మగవాళ్లు. వృషణ క్యాన్సర్ మాత్రం తెల్లవారితో పోలిస్తే నల్లజాతివారిలో చాలా తక్కువ. అంటే ఒకే గడ్డ ఇద్దరు మనుషుల్లో కనిపిస్తే, వాళ్లెవరు, వాళ్లకు ఇంకేం జబ్బులున్నాయి అన్నదాన్ని బట్టి అనుమానాల వరుస మారాలి. మన సంగతి చూస్తే, భారతదేశంలో వృషణ క్యాన్సర్ లక్షమంది మగవాళ్లలో ఏడాదికి ఒకరికన్నా తక్కువమందికి వస్తుంది. డెన్మార్క్, నార్వేల్లో దీనికి ఎన్నో రెట్లు. మరోపక్క ఎపిడిడైమిస్‌కు పట్టే టీబీ మనకు కొత్త కాదు. కోస్తా జిల్లాల్లో బోదవ్యాధి వల్ల వచ్చే వరిబీజం తరతరాలుగా తెలిసినదే. కాబట్టి వాపు కనబడగానే మనవాళ్లు వరిబీజమేలే అని సరిపెట్టుకుంటారు. ఆ సరిపెట్టుకోవడం క్యాన్సర్ విషయంలో ప్రాణాంతకం, సార్కాయిడోసిస్ విషయంలో సంతానానికి ముప్పు.

ఇక్కడ ఒక శరీరధర్మం తెలిసి ఉంటే అనుమానం ఎటు మొగ్గాలో అర్థమవుతుంది. కడుపులోని బిడ్డకు బీజాలు మొదట ఏర్పడేది కిడ్నీల దగ్గర. తర్వాత కిందికి దిగుతాయి. దిగినా వాటి రక్తనాళాలు, లింఫ్ నాళాలు మాత్రం పైకే, వెన్నెముక ముందు బృహద్ధమని పక్కకే వెళతాయి. అందుకని వృషణ క్యాన్సర్ పాకితే సాధారణంగా మొదట వాచేది పొట్ట వెనక ఉన్న ఆ గ్రంథులు. ఛాతీ ఆ తర్వాతి మజిలీ. పొట్ట వెనక గ్రంథులు శుభ్రంగా ఉండి, ఛాతీలో మాత్రం కుడివైపూ ఎడమవైపూ ఒకేలా వాచి ఉంటే అది క్యాన్సర్ నడిచే దారి కాదు. సార్కాయిడోసిస్ గుర్తుకు రావలసిన చోటు అదే. దానికి తోడు వృషణ క్యాన్సర్ కోసం రక్తంలో చూసే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే మూడు పరీక్షలు మామూలుగా ఉండి, కన్ను ఎర్రబడ్డ చరిత్రో, మోకాళ్ల కింద నొప్పిపెట్టే ఎర్రటి గడ్డలో ఉంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఇవేవీ నిర్ధారణ కావు, ఆగి ఆలోచించడానికి కారణాలు మాత్రమే. సెమినోమా అనే క్యాన్సర్‌లో చాలామందికి ఆ రక్తపరీక్షలు మామూలుగానే ఉంటాయని కూడా చెప్పకపోతే నేను మీకు అన్యాయం చేసినట్టే.

ఆలోచించడమంటే గడ్డను వదిలేయడం కాదు. దానికి తగిన శస్త్రచికిత్స పద్ధతి ఉంది, అదెలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. వృషణంలో గడ్డకు బయటినుంచి తిత్తి చర్మంలోంచి సూది గుచ్చి ముక్క తీయరు. ఒకవేళ అది క్యాన్సరే అయితే కణాలు తిత్తి చర్మంలో పడతాయి, ఆ చర్మం లింఫ్ నాళాలు గజ్జల్లోకి పోతాయి కనుక జబ్బుకు కొత్త దారి తెరిచినట్టవుతుంది. అందుకే గజ్జ దగ్గర కోసి, బీజాన్ని పైకి తీసుకొచ్చి, దాని తాడును ముందుగా క్లాంపుతో బిగిస్తారు. అప్పుడు అనుమానమున్న చోట చిన్న ముక్క కోసి, గడ్డకట్టించి, పల్చటి పొరలుగా తరిగి, రంగు వేసి పెథాలజిస్టు చూస్తారు. రోగి బల్ల మీద ఉండగానే, అరగంట అటూఇటూగా జవాబు వస్తుంది. క్యాన్సర్ అయితే బీజాన్ని తీసేస్తారు. సార్కాయిడోసిస్ అయితే ఆ గాజుపలక మీద గులాబీరంగు కణాలు గుండ్రంగా గుమిగూడి, మధ్యమధ్య గుర్రపునాడా ఆకారంలో కేంద్రకాలు పేర్చుకున్న పెద్ద కణాలు, చుట్టూ లింఫోసైట్ల అంచు కనిపిస్తాయి. నడిబొడ్డున కుళ్లు మాత్రం ఉండదు. అప్పుడు తాడు వదిలి, బీజాన్ని మళ్లీ దాని చోట పెట్టి కుట్టేయవచ్చు. ఇది అన్ని ఊళ్లలో అందుబాటులో ఉండే సదుపాయం కాదని నాకు తెలుసు. అత్యవసరమైతే తప్ప, ఆ సదుపాయమున్న చోటికి పంపడానికి నాలుగైదు రోజులు పడితే ఆ నాలుగైదు రోజులూ ఖర్చుపెట్టదగ్గవే. ఛాతీ గ్రంథుల్లోంచి కూడా ముక్క తీయవచ్చు. గొంతులోంచి గొట్టం వేసి, లోపలినుంచే అల్ట్రాసౌండ్‌తో చూస్తూ సూదితో తీసే పద్ధతి ఇప్పుడు హైదరాబాదు వంటి నగరాల్లో మామూలైంది.

దీనికి క్యాన్సర్ వైద్యులు చెప్పే అభ్యంతరం చాలా బలమైనది. వృషణం లోపల గట్టిగా తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సరే, సార్కాయిడోసిస్ అత్యంత అరుదు, ఇలా ఆగి ఆలోచించమని చెబితే నిజమైన క్యాన్సర్ రోగి నష్టపోడా అంటారు. నేను ఒప్పుకుంటాను. ఇంకో అడుగు ముందుకేసి వాళ్ల తరఫునే ఒక ఆధారం చెబుతాను. సార్కాయిడోసిస్‌కూ వృషణ క్యాన్సర్‌కూ ఏదో చుట్టరికం ఉంది. వృషణ క్యాన్సర్ వచ్చినవారిలో సార్కాయిడోసిస్ మామూలుకన్నా ఎక్కువగా కనిపిస్తుందని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. సెమినోమా కణితి లోపలే గ్రాన్యులోమాలు ఏర్పడడం కూడా పెథాలజిస్టులకు తెలిసిందే. కాబట్టి నీకు సార్కాయిడోసిస్ ఉంది గనుక బీజంలో గడ్డ కూడా అదేలే అనడం ఎంత ప్రమాదమో, నీకు క్యాన్సర్ ఉంది గనుక ఛాతీ గ్రంథులు కూడా అదేలే అనడమూ అంతే ప్రమాదం. ఈ రెండో తప్పు జరిగితే ఏమవుతుందో చూడండి. మొదటి దశలోనే ఉన్న క్యాన్సర్‌ను ముదిరిన క్యాన్సర్‌గా లెక్కకడతారు. అవసరంలేని కీమోథెరపీ ఇస్తారు. ఆ కీమోలో వాడే బ్లియోమైసిన్ అనే మందుకు ఊపిరితిత్తులను దెబ్బతీసే గుణం ఉంది. అప్పటికే సార్కాయిడోసిస్ ఉన్న ఊపిరితిత్తుల మీద ఆ మందు వేయడం ఎవరూ కోరుకోని పని. వృషణ క్యాన్సర్ సిస్‌ప్లాటిన్ అనే మందు వచ్చాక చాలావరకు నయమయ్యే జబ్బు అయింది, ముదిరిన దశలో కూడా. ఆ విజయం మీద నాకెంతో గౌరవం. నయం చేయగల శక్తి చేతిలో ఉన్నప్పుడు ఎవరికి వాడుతున్నామో రూఢి చేసుకోవడం ఇంకా ముఖ్యం. అనుమానం తీరనప్పుడు, ముక్క జవాబు స్పష్టంగా రానప్పుడు బీజం తీసేయడమే సబబు. అందులో నాకు రెండో మాట లేదు.

మరో అభ్యంతరం వినిపిస్తుంది: ఒక బీజం పోతే ఏమైంది, రెండోది ఉందిగా అని. సార్కాయిడోసిస్ విషయంలో ఈ లెక్క నిలవదు. రెండోదానికీ వచ్చే జబ్బు ఇది. ఈ రోజు ఎడమది తీసేసి, రేపు కుడివైపు అదే మచ్చ కనిపిస్తే ఏం చేస్తారు? వయసులో ఉన్న మగవాడికి అది పిల్లల ప్రశ్న, హార్మోన్ల ప్రశ్న కూడా. ఎపిడిడైమిస్ గొట్టం వాచి మూసుకుపోతే వీర్యంలో కణాలే ఉండకపోవచ్చు. స్టెరాయిడ్ మందులతో వాపు తగ్గి వీర్యకణాలు తిరిగి కనిపించిన సందర్భాలు వైద్యపత్రికల్లో నమోదయ్యాయి. అందరికీ అలా జరుగుతుందని హామీ లేదు. కాబట్టి ఆపరేషన్‌కు ముందే, బలమైన మందులు మొదలుపెట్టక ముందే వీర్యపరీక్ష చేయించి, కణాలుంటే దాచిపెట్టుకునే మార్గం గురించి మాట్లాడాలి. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందు వాడవలసి వస్తే ఇది మరీ ముఖ్యం, ఆ మందు వీర్యకణాల పుట్టుకనే దెబ్బతీస్తుంది. పిల్లలు పుట్టకపోతే ఇప్పటికీ మన ఇళ్లలో పరీక్షలకు ముందు పంపేది కోడలినే. మగవాడికి వీర్యపరీక్ష చేస్తే ఎంతో కొంత తేలిపోయే చోట ఆ అమ్మాయిని ఏళ్ల తరబడి తిప్పుతారు. ఇది సార్కాయిడోసిస్ ఒక్కదాని గొడవ కాదుగానీ, సందర్భం వచ్చింది కనుక చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక టీబీ. మన దేశంలో దీన్ని తప్పించుకుని సార్కాయిడోసిస్ గురించి మాట్లాడలేం. ప్రపంచంలో ఏటా టీబీ సోకేవారిలో సుమారు నాలుగోవంతు మంది మనవాళ్లే. కాబట్టి ముక్కలో గ్రాన్యులోమా కనిపిస్తే మన వైద్యుడు ముందు టీబీ అనుకోవడం సహజం, అవసరం కూడా. అయితే అక్కడితో ఆగిపోయి, ఆరునెలల మందులు రాసి చూద్దాం, తగ్గితే టీబీయే అనడం దగ్గర నాకు పేచీ ఉంది. ఈ తర్కంలో పెద్ద లోపముంది. సార్కాయిడోసిస్ సగానికి పైగా రోగుల్లో ఏ మందూ లేకుండా తనంతట తానే తగ్గుతుంది. ఆ తగ్గే కాలంలోనే టీబీ మాత్రలు మింగితే ఘనత మాత్రలకు పోతుంది. తగ్గనివారికేమో మందుకు లొంగని టీబీ అని పేరు పెట్టి ఇంకా బలమైన మందులు ఇచ్చే ప్రమాదముంది. ఆ మాత్రలు ఊరికే పోయేవి కావు. కాలేయం మీద పడతాయి. వాటిలో ఇథాంబ్యుటాల్ చూపును దెబ్బతీయగలదు. కంటికి సార్కాయిడోసిస్ ఉన్న మనిషికి ఆ మందు ఇస్తే, చూపు మందగించింది జబ్బు వల్లా, మందు వల్లా అన్నది తేల్చడం కష్టమవుతుంది. దీనికి ఎదురుగా టీబీ వైద్యులు అడిగేది కూడా న్యాయమే: టీబీని సార్కాయిడోసిస్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే, రోగనిరోధక శక్తి తగ్గి టీబీ విజృంభించదా? విజృంభిస్తుంది. పైగా స్టెరాయిడ్‌తో మొదట్లో టీబీ రోగికి కూడా జ్వరం తగ్గి, ఆకలి పుట్టి, బాగున్నట్టే ఉంటుంది. అందుకని మందుకు తగ్గడాన్ని రుజువుగా తీసుకునే పద్ధతి రెండు వైపులా మోసమే. రుజువు ముక్కలో దొరకాలి. ముక్కను ఫార్మలిన్ సీసాలో మాత్రమే వేసి పంపితే అందులో క్రిములను పెంచి చూడడం కుదరదు. ఒక భాగం సెలైన్‌లో వేసి, టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ పరీక్షకూ, క్రిములను పెంచి చూసే కల్చర్‌కూ పంపాలి. కల్చర్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు, ప్రాణం మీదికి రాని రోగి విషయంలో ఆగవచ్చు. ఇంకో సులువైన ఆధారం చేతి మీద వేసే మాంటూ పరీక్ష. మన దేశంలో పెద్దవాళ్లలో చాలామందికి అది ఎంతో కొంత పొంగుతుంది. సార్కాయిడోసిస్ ఉన్నవారిలో తరచుగా పొంగదు. హెచ్ఐవీ లాంటి వేరే కారణాలు లేవని చూసుకున్నాక, పొంగని మాంటూకు మన దగ్గర ఉన్నంత విలువ టీబీ అరుదుగా ఉండే దేశాల్లో లేదు.

ఒకచోట జబ్బు తేలాక మిగతా శరీరాన్ని వెతకమన్నాను. ఖర్చు ఎవరు భరిస్తారు, లేనిపోని పరీక్షలు కావా అని అడిగేవాళ్లుంటారు. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2020లో వెలువరించిన మార్గదర్శకాలు చదివితే ఈ భయం చాలావరకు తీరుతుంది. కొత్తగా సార్కాయిడోసిస్ తేలినవారికి కంటిలో ఏ బాధా లేకపోయినా ఒకసారి కంటి పరీక్ష, ఒక ఈసీజీ, రక్తంలో కాల్షియం, క్రియాటినిన్, కాలేయానికి సంబంధించిన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, రక్తకణాల లెక్క చూడమన్నారు. ఇంతే. ఇవి మన జిల్లా ఆసుపత్రుల్లో కూడా జరిగేవే. కంటి లోపలి వాపు నొప్పీ ఎరుపూ లేకుండానే చూపును తినేయగలదు కనుక కంటి పరీక్ష. గుండె తీగల్లో అడ్డంకి ఏర్పడితే ఈసీజీలో జాడ కనిపించవచ్చు కనుక ఈసీజీ. అక్కడ తేడా ఉంటేనే ఎకో, ఎంఆర్ఐ. గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం ఉన్నవారికి మాత్రం ఈసీజీ బాగుందని ఊరుకోకూడదు.

ఆ జాబితాలో కాల్షియం గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, అది నేరుగా మన ఇళ్లలోకి వచ్చే విషయం. విటమిన్ డిని శరీరం వాడుకునే రూపంలోకి మార్చే పని మామూలుగా కిడ్నీ చేస్తుంది, ఎంత కావాలో చూసుకుని చేస్తుంది. సార్కాయిడోసిస్‌లో గ్రాన్యులోమా కణాలు కూడా ఆ పని మొదలుపెడతాయి, కానీ వాటికి అదుపు ఉండదు. ఫలితంగా రక్తంలో కాల్షియం పెరుగుతుంది, మూత్రంలో పోతుంది, కిడ్నీల్లో రాళ్లు పడతాయి, ముదిరితే కిడ్నీలే దెబ్బతింటాయి. ఈ రోజుల్లో ఒళ్లు నొప్పులంటే విటమిన్ డి పరీక్ష, తక్కువుందంటే వారానికొకసారి అరవైవేల యూనిట్ల మాత్రో పొడో. మామూలుగా చేసే పరీక్ష కొలిచేది నిల్వ రూపాన్ని. సార్కాయిడోసిస్ రోగిలో నిల్వ తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే అది గబగబా చురుకైన రూపంలోకి మారిపోతోంది. ఆ తక్కువను చూసి మాత్ర వేస్తే మంటలో కిరసనాయిలు పోసినట్టే. స్టెరాయిడ్లు వాడేవారికి ఎముకల కోసం కాల్షియం, విటమిన్ డి జోడించి రాసే అలవాటు కూడా వైద్యుల్లో ఉంది. సార్కాయిడోసిస్ రోగికి అవి రాసే ముందు రక్తంలో కాల్షియం చూడాలి, వీలైతే రెండు రూపాల విటమిన్ డినీ చూడాలి. పదిమందికి మేలుచేసే మాత్ర ఈ పదకొండోవాడికి కీడు చేస్తుంది.

చికిత్స సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది మనిషిని బట్టి మారుతుంది, రేడియోలో విని చేసుకునేది కాదు. జబ్బు ఉన్నంత మాత్రాన మందు వాడాలని లేదు. ఛాతీ గ్రంథులు వాచి, మరే బాధా లేకపోతే కనిపెట్టుకుని ఉండడమే చాలామందికి సరైన పద్ధతి. కన్ను, గుండె, మెదడు, పెరిగిన కాల్షియం, ఇవి ఉంటే మాత్రం ఆలస్యం పనికిరాదు. ప్రెడ్నిసొలోన్ ముందువరుస మందు, సాధారణంగా రోజుకు 20 నుంచి 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెలల మీద తగ్గిస్తారు. మన దగ్గర బాగైందనిపించగానే రోగి తనంతట తాను మానేయడం, లేదా పాత చీటీ చూపించి మందులషాపులో ఏడాది పొడవునా కొనుక్కోవడం, రెండూ జరుగుతున్నాయి. రెండూ ప్రమాదమే. వృషణాలకు జబ్బు సోకినవారిలో నొప్పి, వాపు, సంతానలేమి ఉంటే స్టెరాయిడ్ ఇస్తారు. ఏమీ లేకపోతే నెలలవారీగా అల్ట్రాసౌండ్ తీసి గమనిస్తారు. తగ్గవలసిన గడ్డ తగ్గకపోయినా, పెరిగినా ముక్క మళ్లీ తీయాలి. ముందొకసారి సార్కాయిడోసిస్ అని రాసిన కాగితం ఆ గడ్డకు శాశ్వతమైన అనుమతిపత్రం కాదు.

చివరిగా రెండు విన్నపాలు. వింటున్న మగవాళ్లకు, ముఖ్యంగా ఇరవై నుంచి నలభై మధ్య వయసువారికి: బీజంలో గడ్డ తగిలితే సిగ్గుపడి దాచకండి. అదే వారంలో యూరాలజిస్టుకు చూపించుకోండి. మీకు కంటి వాపుగానీ, చర్మం మీద మానని మచ్చలుగానీ, గతంలో టీబీ అని చెప్పి మందులు వాడిన చరిత్రగానీ ఉంటే అడగకపోయినా చెప్పండి. ఆపరేషన్ అంటే, ఛాతీ స్కానింగ్ చూశారా, ఆపరేషన్ బల్ల మీదే ముక్క పరీక్షించే వీలుందా, వీర్యం దాచుకోవాలా అని అడగండి. వింటున్న వైద్యమిత్రులకు: గ్రాన్యులోమా అని రిపోర్టు వచ్చిన ప్రతి ముక్కలో కొంత భాగాన్ని సీబీనాట్‌కూ కల్చర్‌కూ పంపి ఉన్నారో లేదో చూడండి. ఆ రోగికి మందులచీటీ రాసే ముందు ఒక ఈసీజీ, ఒక కంటి పరీక్ష, ఒక కాల్షియం పరీక్ష రాయండి.